పిల్ల తలకి రాసిన నూనె, రేడియేషన్ భయం: మార్షల్ దీవుల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

పద్మజ_స్ప్రింగ్‌డేల్:

అందరికీ నమస్కారం. మూడు రోజులుగా ఒక విషయం మనసులో తొలుస్తోంది. ఇక్కడ డాక్టర్లు, సైన్సు చదివినవాళ్లు ఉన్నారు కదా అని అడుగుతున్నాను.

మాది తాడేపల్లిగూడెం. ఇప్పుడు అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రం, స్ప్రింగ్‌డేల్‌లో ఉంటున్నాం. ఈ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు బాగానే ఉన్నారు గానీ మా వీధిలో ఎక్కువ ఇళ్లు మార్షల్ దీవుల వాళ్లవి. పసిఫిక్ సముద్రం నడుమ ఎక్కడో ఉన్న దేశం. అమెరికాతో ఏదో ఒప్పందం ఉందట, వీసా లేకుండానే వచ్చి ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. చాలామంది కోళ్ల ప్లాంట్లలో చేస్తారు. మా అమ్మాయి నాలుగో తరగతి. దాని ప్రాణస్నేహితురాలు ఆ దీవుల పిల్లే.

పోయిన శనివారం ఆ పాప తమ్ముడి మొదటి పుట్టినరోజు. దాన్ని కెమెమ్ అంటారు వాళ్లు. మన బారసాల, అన్నప్రాశన కలిపి చేసినంత హడావుడి. చేప, అన్నం, కొబ్బరి వేసిన తీపి ఉండలు. మా అమ్మాయి రెండుసార్లు వడ్డించుకుని తింది. వాళ్ల నాయనమ్మ ఒక మూల కుర్చీలో కూర్చుని ఉంది. డెబ్బై ఏడేళ్లట. బుబు అని పిలుస్తారు, అంటే మామ్మ. మా పిల్ల జుట్టు చెదిరిపోయి ఉంటే దగ్గరకి పిలిచి, చిన్న సీసాలోంచి కొబ్బరినూనె అరచేతిలో పోసుకుని, మాడుకి అద్ది, జడ వేసింది. అచ్చం మా అమ్మ కూర్చున్నట్టే కూర్చుంది, పిల్లని రెండు మోకాళ్ల మధ్య పెట్టుకుని. ఆవిడ ముందుకి వంగినప్పుడు గొంతు కింద, ముడతల్లో కలిసిపోయి, అడ్డంగా సన్నటి గాటు మచ్చ కనిపించింది. నేను చూడడం వాళ్ల కోడలు గమనించి, తనే చెప్పింది: థైరాయిడ్ ఆపరేషన్. ఆవిడది ఉట్రిక్ అనే దీవి. ఆరేళ్లప్పుడు బాంబు పొడి పడిందట. అప్పటినుంచీ కాదు గానీ చాలా ఏళ్లుగా రోజూ పరగడుపున మాత్ర వేసుకుంటుంది.

ఇంటికొచ్చాక మా అత్తగారితో వీడియో కాల్‌లో ఈ మాట చెప్పాను. ఆవిడ కంగారుపడిపోయారు. "రేడియేషన్ అంటే అంటుకునేది కదమ్మా, పిల్ల తలకి ఆ చేతులతో నూనె ఎలా రాయనిచ్చావు, ముందు తలంటు" అన్నారు. ఆవిడని తప్పుపట్టను, మనవరాలి మీద ప్రేమ. కానీ నేనూ రాత్రి పదింటికి పిల్లని లేపి తలంటాను. షాంపూ రెండుసార్లు పెట్టాను. "ఇప్పుడెందుకమ్మా, బుబు వేసిన జడ పోయింది" అని ఏడ్చింది. ఏం చెప్పాలో తెలియలేదు. అప్పటినుంచీ సిగ్గుగా ఉంది, భయం కూడా పూర్తిగా పోలేదు. రెండూ నిజమే.

నాకు తెలియాల్సింది ఇది. అది నిజంగా అంటుకుంటుందా? వాళ్లు బంధువుల చేత దీవుల నుంచి తెప్పించిన ఎండుకొబ్బరి పొట్లం ఒకటి మాకు ఇచ్చారు, తినొచ్చా? ఆ మనవలకి, అంటే నా కూతురి స్నేహితురాలికి, ఏమైనా వస్తుందా? అసలు అక్కడ ఏం జరిగింది?

---

జ్యోతి_నర్సు:

పద్మజ గారూ, ముందు మీ భయం తీరాలి కాబట్టి ఒక్క మాటలో చెప్తాను: అంటుకోదు. ఎక్స్‌రే తీయించుకున్న మనిషిని ముట్టుకుంటే మనకి ఎక్స్‌రే తగలనట్టే.

నేనూ ఈ రాష్ట్రంలోనే పని చేస్తున్నాను. మా క్లినిక్‌కి మార్షలీస్ వాళ్లు చాలామంది వస్తారు. వాళ్లలో నేను రోజూ చూసేది రేడియేషన్ జబ్బులు కాదు, షుగర్. ముప్పై ఏళ్లకే కాళ్ల మీద పుండ్లు, నలభైకి డయాలసిస్. 1996లో వచ్చిన ఒక చట్టంతో వాళ్లకి పేదల ఆరోగ్య బీమా, అంటే మెడికెయిడ్, తీసేశారు. మళ్లీ 2020 డిసెంబరు దాకా ఇవ్వలేదు. పన్నులు కడుతూ కూడా పాతికేళ్లు వైద్యానికి దూరంగా ఉన్నారు. అందుకే జబ్బు ముదిరాకే వస్తారు.

ఇంకో మాట. చుట్టుపక్కల వాళ్లు తమని చూసి జంకుతారని వాళ్లకి తెలుసు. కొందరు తమ దీవి పేరు కూడా చెప్పరు. ఆ కోడలు మీకు తనంతట తను చెప్పిందంటే మిమ్మల్ని దగ్గరగా అనుకున్నట్టే.

---

వెంకటరమణ_అమలాపురం:

పద్మజ గారూ, నేను ఇరవై ఆరేళ్లు క్యాన్సర్ ఆసుపత్రుల్లో రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు అమలాపురం దగ్గర మా నాన్నగారి కొబ్బరితోట చూసుకుంటున్నాను. ఈ రెండూ మీ ప్రశ్నకి సంబంధించినవే. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదవండి.

మొదట అంటుకోవడం సంగతి. మీ అత్తగారి భయం గాల్లోంచి పుట్టింది కాదు. థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినవాళ్లకి మేం రేడియేషన్ వెలువరించే అయోడిన్-131 మందుగా ఇస్తాం. ఇచ్చాక ఆ మనిషిని విడిగా ఒక గదిలో రెండు మూడు రోజులు ఉంచుతాం. ఆ రోజుల్లో నిజంగానే ఒంట్లోంచి గామా కిరణాలు వస్తుంటాయి, చెమటలో, మూత్రంలో అయోడిన్ పోతుంటుంది. నేను రోజూ రేడియేషన్ కొలిచే మీటరు పట్టుకుని, ఒక మీటరు దూరంలో నిలబడి ఎంత వస్తోందో రాసుకునేవాణ్ని. తగ్గాల్సినంత తగ్గాక ఇంటికి పంపేవాళ్లం. అయోడిన్-131 ఎనిమిది రోజులకి సగం అవుతుంది, ఇంకో ఎనిమిది రోజులకి అందులో సగం. ఎనభై రోజులకి మొదట ఉన్నదాంట్లో వెయ్యో వంతు మిగులుతుంది. మీరు చూసిన మామ్మగారి గొంతులో 1954 మార్చిలో బాంబు పొడితో చేరిన అయోడిన్ ఆ ఏడాదిలోనే మాయమైపోయింది. అది చేసిన గాయం మిగిలింది. కాలిన మచ్చ ఉన్న చెయ్యి పట్టుకుంటే మన చెయ్యి కాలదు కదా, అంతే.

ఇప్పుడు అక్కడ ఏం జరిగిందో చెప్తాను. 1946 నుంచి 1958 దాకా అమెరికా ఆ దీవుల్లో 67 అణు పరీక్షలు చేసింది. అన్నిట్లోకీ పెద్దది 1954 మార్చి 1న బికినీ దీవిలో పేల్చిన బ్రావో. ఐదారు మెగాటన్నులు వస్తుందని లెక్కేశారు, పదిహేను వచ్చింది. హిరోషిమా మీద వేసిన బాంబుకి వెయ్యి రెట్లు. లెక్క ఎక్కడ తప్పిందంటే, అందులో పెట్టిన లిథియం రెండు రకాలు. ఒక రకమే పనికొస్తుంది, రెండోది ఊరికే పడి ఉంటుందనుకున్నారు. అదీ మండింది.

బికినీ మట్టి నేల కాదు, పగడపు దిబ్బ. ఆ పేలుడు దిబ్బలో దాదాపు రెండు కిలోమీటర్ల వెడల్పు గొయ్యి తవ్వింది. పగడం అంటే సున్నమే. అదంతా పొడై, విషం పూసుకుని, ముప్పై నలభై కిలోమీటర్ల ఎత్తుకి లేచి, గాలివాటాన తూర్పుకి పోయింది. గాలి అనుకూలంగా లేదని ముందురోజు రాత్రికే తెలుసు. అయినా ఆపలేదు. 1946లో ఇంతకంటే ఎంతో చిన్న బాంబులు పేల్చినప్పుడు పక్కనున్న రొంగెలాప్ దీవి వాళ్లని ముందే ఖాళీ చేయించారు. ఈసారి ఆ పనీ చేయలేదు. ఇది నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

రొంగెలాప్ అక్కడికి నూట అరవై కిలోమీటర్ల పైన. తెల్లవారకముందే పడమట సూర్యుడు లేచినట్టు వెలుగు కనిపించింది. కొన్ని గంటలకి తెల్లటి పొడి రాలడం మొదలైంది. మన ముగ్గుపిండి ఊహించుకోండి, ఆ రంగు, ఆ మెత్తదనం. ఆకాశంలోంచి ముగ్గుపిండి పడుతుంటే పిల్లలు ఏం చేస్తారు? ఆడుకున్నారు. వంటి మీద పడింది, వండిన తిండిలో పడింది, తాగే నీళ్లలో పడింది. ఎవరూ వద్దని చెప్పలేదు, చెప్పేవాళ్లే అక్కడ లేరు. సాయంత్రానికే వాంతులు, ఒళ్లు దురద. పక్కన రొంగెరిక్‌లో వాతావరణ కేంద్రం నడుపుతున్న 28 మంది అమెరికన్ సైనికుల్ని మర్నాడే తీసుకెళ్లిపోయారు. రొంగెలాప్ వాళ్ల దగ్గరకి ఓడ వచ్చేసరికి రెండు రోజులు దాటింది. మామ్మగారి ఉట్రిక్ ఇంకా దూరం, బికినీకి దాదాపు 480 కిలోమీటర్లు. అక్కడికి పొడి సన్నటి మంచు తెరలా మర్నాటికి చేరింది. వాళ్లని మార్చి 4న తీసుకెళ్లారు.

అందరినీ క్వాజలీన్ అనే దీవిలో సైనిక స్థావరానికి చేర్చి స్నానాలు చేయించారు. ఇక్కడ ఒక వివరం చెప్తాను, మీ ఉత్తరం చదివినప్పటి నుంచీ నా కళ్లముందు అదే ఉంది. ఒంటి మీది పొడి సబ్బుతో పోయింది గానీ జుట్టులోది ఒక పట్టాన పోలేదు. మళ్లీ మళ్లీ కడగాల్సి వచ్చింది. కారణం డాక్టర్లు తమ నివేదికలోనే రాశారు: వాళ్లు తలకి దట్టంగా కొబ్బరినూనె రాసుకుంటారు, పొడి ఆ నూనెకి అతుక్కుపోయింది. పద్మజ గారూ, మీరు మీ పాపకి ఆ రాత్రి చేసిన పని, అప్పట్లో ఆ పిల్లలకి నిజంగానే చేయాల్సి వచ్చింది. అప్పుడు దానికి అర్థం ఉంది. ఇప్పుడు లేదు. మీరు సిగ్గుపడాల్సింది కూడా ఏమీ లేదు, తెలియక చేశారు, తెలుసుకోవాలని అడిగారు.

రెండు వారాలకి రొంగెలాప్ వాళ్లకి నెత్తి మీద, మెడ మీద, పాదాల పైన పుండ్లు లేచాయి. పొడి ఎక్కడ నిలిచిందో అక్కడే. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. ఆ పొడిలోంచి వచ్చే బీటా కిరణాలు లోతుకి పోవు, చర్మాన్ని కాలుస్తాయి. అవి మానిపోయాయి, జుట్టు మళ్లీ వచ్చింది. చూసేవాళ్లకి అయిపోయిందనిపించింది. లోపల అయోడిన్ చేసిన పని అప్పుడే మొదలైంది. థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ కావాలి, అది మంచిదో విషమో దానికి తెలియదు, దొరికినంతా లాక్కుంటుంది. పిల్లల గ్రంథి చిన్నది కాబట్టి అదే మోతాదు వాళ్లకి ఎన్నో రెట్లు తగులుతుంది. 1963లో మొదటి గడ్డలు బయటపడ్డాయి. ఇద్దరు మగపిల్లలు గ్రంథి పూర్తిగా దెబ్బతిని ఎదగకుండా ఉండిపోయారు. ఆ రోజు పదేళ్లలోపు ఉన్న రొంగెలాప్ పిల్లల్లో ఎక్కువమందికి గొంతు ఆపరేషన్లు అయ్యాయి. ఊరి పెద్ద జాన్ అంజైన్ కొడుకు లెకోజ్‌కి పొడి పడిన రోజున ఏడాది వయసు. 1972లో రక్త క్యాన్సరుతో పోయాడు, పంతొమ్మిదేళ్లకి. ఉట్రిక్ వాళ్లకి తక్కువే తగిలింది, ఫర్వాలేదు అని కొన్ని నెలలకే ఇళ్లకి పంపేశారు. వాళ్లకీ గడ్డలు వచ్చాయి, కాకపోతే ఇంకా ఆలస్యంగా. మీరు చూసిన గాటు అదే అయి ఉండాలి.

ఇక కొబ్బరి. ఇది మా తోట సంగతి కూడా.

బికినీ వాళ్లని 1946లోనే లేపేశారు, 167 మంది. మళ్లీ 1968లో, ఇక వెళ్లొచ్చు, దీవి బాగానే ఉంది అన్నారు. వేలకొద్దీ కొబ్బరి మొక్కలు నాటించారు. కొన్ని కుటుంబాలు వెళ్లాయి. చెట్లు కాపుకొచ్చాయి, బొండాలు తాగారు, కొబ్బరి తిన్నారు. పరీక్షిస్తే వాళ్ల ఒంట్లో సీజియం-137, అంటే బాంబు పొడిలో ఉండే రేడియేషన్ పదార్థం, ఏటేటా పెరుగుతోంది. 1978లో మళ్లీ అందరినీ ఖాళీ చేయించారు. గాల్లో విషం లేదు, సముద్రంలో చేపలో చెప్పుకోదగ్గంత లేదు. కొబ్బరిలో ఉంది.

ఎందుకో కోనసీమ రైతుకి వెంటనే అర్థమవుతుంది. కొబ్బరికి అన్నిటికన్నా ఎక్కువ కావాల్సింది పొటాష్. యూరియా తగ్గినా ఓర్చుకుంటుంది గానీ పొటాష్ తగ్గితే పిందె రాలుతుంది, కాయ గిడసబారుతుంది. బొండం నీళ్లు నీరసానికి మంచివంటాం కదా, అందులో ఉన్నది పొటాషియమే. సీజియం అచ్చు పొటాషియంలాగే ప్రవర్తిస్తుంది. పగడపు ఇసుకలో పొటాష్ దాదాపు లేదు. ఆకలితో ఉన్న చెట్టుకి సీజియం దొరికింది, అదే పీల్చుకుంది. మా ఒండ్రునేలలో ఉన్నట్టు బంకమట్టి ఉంటే సీజియాన్ని పట్టి ఉంచేది, వేరుకి అందనిచ్చేది కాదు. అక్కడ బంకమట్టి లేదు. చెట్టు నుంచి కాయకి, కాయ నుంచి మనిషికి. కొబ్బరికాయలు చీల్చుకుని తినే పెద్ద పీతలు ఉంటాయి అక్కడ, వాటిలో ఇంకా ఎక్కువ. వాళ్లు తినే మొగలిపండులో, సీమపనసలో కూడా అంతే.

దీనికి మందు కూడా పొటాషే. అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాల వాళ్లు బికినీలో కొబ్బరిచెట్లకి పొటాష్ ఎరువు వేసి ఏళ్ల తరబడి చూశారు. కాయల్లో సీజియం పదో వంతుకి, ఇంకా తక్కువకి పడిపోయింది. చెట్టుకి అసలైనది దొరికితే నకిలీది ముట్టదు. నేను ఆ పేపరు మొదటిసారి చదివింది ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో. మర్నాడు మా నాన్నగారికి ఫోన్ చేసి చెప్తే "ఆ మాట ముందే మనల్ని అడిగితే చెప్పేవాళ్లం కదరా" అన్నారు. ఆయన చదివింది ఐదో తరగతి.

మీ ఎండుకొబ్బరి పొట్లం గురించి. వాళ్ల బంధువులు ఎక్కువమంది ఉండేది రాజధాని మజురోలో. అది బికినీకి ఎనిమిది వందల కిలోమీటర్ల పైనే. సీజియం ముప్పై ఏళ్లకి సగం అవుతుంది, ఇప్పటికి రెండు సగాలు దాటాయి. అందులో వానకి కొట్టుకుపోయింది వేరే. ఎక్కడి కాయో ఒక్కసారి అడగండి, అనుమానంగా కాదు, ఊరి కబురు అడిగినట్టు. మజురోది అయితే నిశ్చింతగా తినండి.

---

శ్రీనివాస్_ఖమ్మం:

వెంకటరమణ గారు రాసింది చదివి గుండె బరువెక్కింది. నేను చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ని, రెండు విషయాలు కలుపుతాను.

అదే రోజు ఆ పొడి ఒక జపాన్ చేపల పడవ మీద కూడా పడింది. ఫుకుర్యూ మారు దాని పేరు, అదృష్ట డ్రాగన్ అని అర్థం. 23 మంది. ఇంటికి చేరేసరికి అందరికీ జబ్బే. రేడియో ఆపరేటర్ కుబొయామా సెప్టెంబరులో చనిపోయాడు. జపాన్ వాళ్లు ఆ పొడిని చావు బూడిద అన్నారు. మార్కెట్లలో ట్యూనా చేపని మీటర్లు పెట్టి చూసి పారబోశారు. మూడు కోట్లకి పైగా జనం సంతకాలు పెట్టారు ఈ పరీక్షలు ఆపాలని. మన లోక్‌సభలో 1954 ఏప్రిల్ 2న నెహ్రూ లేచి, పూర్తి నిషేధం కుదిరేలోగా కనీసం పరీక్షలైనా నిలపండి అని అడిగారు. ఒక దేశ ప్రధాని అలా అడగడం అదే మొదలు. అదే నెలలో మార్షల్ దీవుల వాళ్లు కూడా ఐక్యరాజ్యసమితికి అర్జీ పెట్టుకున్నారు. ఆ తర్వాత కూడా అక్కడ నాలుగేళ్లు పేలుస్తూనే ఉన్నారు. గాల్లో పేల్చకూడదన్న ఒప్పందం 1963కి గానీ రాలేదు. మీ పక్క రాష్ట్రం మిస్సోరీలో, సెయింట్ లూయిస్‌లో, 1958 నుంచి తల్లులు పిల్లల ఊడిన పాలపళ్లు లక్షల్లో పంపారు. గడ్డి మీద పడ్డ స్ట్రాన్షియం అనే బాంబు విషం ఆవు పాలల్లోంచి పిల్లల పళ్లలోకి చేరిందని వాటితోనే తేలింది.

జ్యోతి గారు షుగర్ వేరు అన్నట్టు రాశారు. నేను ఒప్పుకోను. ఆ జనానికి వచ్చిన ప్రతి రోగమూ ఆ బాంబు ఇచ్చిందే. పుట్టే పిల్లలకి కూడా వస్తుందనే విన్నాను. ఎముకలు లేని పిల్లలు పుట్టారని ఆ తల్లులు చెప్పలేదా?

---

వెంకటరమణ_అమలాపురం:

శ్రీనివాస్ గారూ, మీ కోపం నాకూ ఉంది. కానీ ఆ మనవరాలి తల్లిదండ్రులు రేపు ఇది చదివినా తట్టుకునేలా రాయాలి మనం. కాబట్టి విడదీసి చెప్తాను.

తల్లులు చెప్పారు, నిజం. డార్లీన్ కేజూ అనే ఆ దీవుల ఆవిడ 1983లో వాంకూవర్‌లో ప్రపంచం ముందు నిలబడి ఆ తల్లుల మాటలు వినిపించింది. జెల్లీ చేపల్లాంటి బిడ్డలు అన్నారు. ఆ తల్లుల్లో ఒక్కరు కూడా అబద్ధం చెప్పారని నేను అనను. గర్భంలో ఉండగా రేడియేషన్ తగిలితే బిడ్డకి ప్రమాదమే, హిరోషిమాలో తల చిన్నగా పుట్టిన పిల్లలు అలా పుట్టినవాళ్లే. కానీ మనవరాలి సంగతి వేరు. హిరోషిమా, నాగసాకి బాధితులకి తర్వాత పుట్టిన 77 వేలమంది పిల్లల్ని దశాబ్దాలుగా గమనిస్తున్నారు. తల్లిదండ్రులకి తగిలిన దెబ్బ వంశంలో దిగి జబ్బుగా కనిపించిన దాఖలా వాళ్లలో దొరకలేదు. పద్మజ గారి అమ్మాయి స్నేహితురాలు మామ్మకి తగిలిన బాంబుని ఒంట్లో మోయడం లేదు. ఇది నేను మా ఇంటి పిల్ల గురించైనా ఇలాగే చెప్తాను.

క్యాన్సర్ల లెక్క 2010లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ వేసింది. ఆ దీవులన్నిట్లో ఆనాడు ఉన్నవాళ్లకి వచ్చిన, రాబోయే క్యాన్సర్లలో నూటికి ఒకటిన్నర కాస్త పైన ఈ పొడి వల్ల అని తేల్చారు. చిన్న అంకెలా ఉంటుంది. కానీ రొంగెలాప్ వైపు ఆ రోజు పొడి కింద ఉన్న ఎనభై పైచిలుకు మందిని విడిగా తీస్తే సగానికి పైగా అవుతోంది. సగటు తీస్తే వాళ్లు కనిపించకుండా పోతారు. అందుకే నేను దేశం మొత్తానికి ఒక్క అంకె చెప్పడం ఎప్పుడూ ఇష్టపడను.

షుగరుకి కారణం గామా కిరణం కాదు. కానీ మీ మాట ఇంకో దారిన నిజం. బికినీ వాళ్లని చివరికి కిలీ అనే దీవిలో దింపారు. దానికి పగడపు దిబ్బ చుట్టిన ప్రశాంతమైన మడుగు లేదు, చుట్టూ అలలే, సగం ఏడాది పడవ దింపి చేప పట్టలేరు. సొంత దీవికి పోతే కొబ్బరి తినకూడదు. మరేం తింటారు? ఓడలో వచ్చిన తెల్లబియ్యం, మైదా, డబ్బా మాంసం. రెండు తరాలు అదే తిన్నారు. జ్యోతి గారి క్లినిక్‌కి వచ్చే పుండ్లు ఆ డబ్బాల్లోంచి వచ్చినవి, ఆ డబ్బాలు బాంబు వెనకే వచ్చినవి.

రొంగెలాప్ వాళ్లని 1957లో తిరిగి పంపినప్పుడు, అక్కడ మనుషులు బతకడం వల్ల మనిషి ఒంట్లో రేడియేషన్ ఎలా చేరుతుందో విలువైన సమాచారం దొరుకుతుందని అమెరికా శాస్త్రవేత్తలే రాసుకున్నారు. ఏటా వచ్చి రక్తం తీసుకుని వెళ్లేవాళ్లు. నేను చేసిందీ అదే కొలత పని. మీటరు పట్టుకోవడం తప్పు కాదు. కొలిచింది ఎవరికి చెప్పామన్నదే లెక్క. మా ఆసుపత్రిలో నేను చదివిన ప్రతి అంకె ముందు రోగికే చెప్పేవాణ్ని. ఈ దీవుల సంగతి చదివాకే ఆ అలవాటు చేసుకున్నాను. 1985లో రొంగెలాప్ వాళ్లు ఇక ఎవరి మాటా నమ్మలేక, పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ వాళ్ల ఓడ రెయిన్‌బో వారియర్ ఎక్కి, ఇళ్ల కలపతో సహా దీవి వదిలి వెళ్లిపోయారు.

నేల సంగతి కూడా ఒక్క మాట. పరీక్షలు జరిగిన ఇంకో చోటు ఎనివెటాక్‌లో, రునిట్ అనే చిన్న దీవి మీద పాత బాంబు గొయ్యిలో విషపు మట్టి పోసి, పైన అడుగున్నర మందం కాంక్రీటు మూత కట్టారు, 1980కి పూర్తయింది. కింద ఏమీ పరచలేదు. ఆ మట్టిలో ఉన్న ప్లుటోనియం సగం కావడానికి 24 వేల ఏళ్లు. మూత కింద ఉన్నదానికన్నా పక్క మడుగు అడుగున ఉన్నదే ఎక్కువ. సముద్రం మట్టం పెరుగుతోంది.

---

పద్మజ_స్ప్రింగ్‌డేల్:

అందరికీ చాలా థాంక్స్. వెంకటరమణ గారూ, మీరు రాసిందంతా మా వారికి చదివి వినిపించాను. తర్వాత మా అత్తగారికి ఫోన్‌లో. కొబ్బరినూనె దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అప్పుడు ఆ పిల్లలకి తలంటింది ఎవరో, తల్లులు దగ్గర ఉన్నారో లేదో" అన్నారు.

నిన్న కొబ్బరి లౌజు చేసి వాళ్లింటికి పట్టుకెళ్లాను. మొన్న తలంటిన సంగతి కోడలికి చెప్పేశాను. దాచితే నాకే నిద్ర పట్టేలా లేదు. ఆవిడ కాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది, తర్వాత వాళ్ల భాషలో మామ్మగారికి చెప్పింది. నాకు గుండె జారిపోయింది. మామ్మగారు మాత్రం మెల్లగా మాట్లాడారు, కోడలు ఇంగ్లీషులో చెప్తూ వచ్చింది. ఓడ ఎక్కడానికి నీళ్లలో నడిచివెళ్లడం గుర్తుందట, వాళ్లమ్మ భుజం మీద ఎక్కించుకుంది. తల ఎన్నిసార్లు కడిగారో గుర్తులేదట, సబ్బు వాసన గుర్తుందట. ఇప్పటికీ ఘాటు సబ్బు ఇంట్లోకి రానివ్వరట. తలంటుతున్నప్పుడు వాళ్లమ్మ పక్కనే ఉందని చెప్పారు. అది మా అత్తగారికి చెప్పాలి.

ఎండుకొబ్బరి మజురోదే. నిన్న సాయంత్రమే తిన్నాం. మార్చి 1 వాళ్ల దేశంలో ఆ పరీక్షల బాధితుల్ని తలుచుకునే సెలవు దినం. ఇక్కడ కూడా కలుసుకుంటారట, మమ్మల్ని రమ్మన్నారు.

మీ పొటాష్ సంగతి కూడా చెప్పాను. అది వినగానే మామ్మగారు నిటారుగా కూర్చున్నారు. ఉట్రిక్‌లో వాళ్ల నాన్నగారు ఎండుకొబ్బరి అమ్మేవారట, చెట్లన్నిటికీ లెక్క ఉండేదట. ఆవిడ తమ్ముడి కుటుంబం ఇంకా అక్కడే ఉంది, చెట్లూ ఉన్నాయి. "ఇండియాలో ఆ పెద్దాయన పొటాష్ ఎప్పుడు వేస్తారు, మొదట్లోనా, దూరంగానా, అడుగు" అని రెండుసార్లు చెప్పి పంపారు. మీకు వీలైతే రాయండి, నేను కోడలికి ఇంగ్లీషులో రాసిస్తాను.

మా అమ్మాయికి మళ్లీ జడ వేశారు. ఇవాళ అదే జడతో స్కూలుకి వెళ్లింది.

---

వెంకటరమణ_అమలాపురం:

పద్మజ గారూ, తప్పకుండా చెప్పండి. మేం ఏడాదికి రెండుసార్లు వేస్తాం. తొలకరి పడ్డాక జూన్, జూలైలో ఒకసారి, వానలు వెనకబట్టాక సెప్టెంబరు, అక్టోబరులో ఒకసారి. నేల ఎండి ఉన్నప్పుడు వేయకూడదు. మొదట్లో పోస్తే దండగ, అక్కడ పీల్చే వేరు ఉండదు. మొదలుకి మూడడుగుల నుంచి ఐదడుగుల దూరంలో చుట్టూ పాదు చేసి, సమంగా చల్లి, పైపైన మట్టి కప్పాలి, లోతుగా తవ్వితే వేళ్లు తెగుతాయి. వాళ్లది ఇసుక నేల, ఒకేసారి పోస్తే వానకి కిందకి దిగిపోతుంది. ఏడాదికి వేసేది నాలుగైదు దఫాలుగా, కొంచెం కొంచెంగా వేయమనండి. ఎండిన కొబ్బరి ఆకులు, పీచు తగలబెట్టకుండా పాదులోనే పరవమనండి, తేమ ఆగుతుంది. ఇంకేమైనా సందేహం ఉంటే నన్నే నేరుగా అడగమని మామ్మగారికి చెప్పండి, వీడియో కాల్‌లో తోటలోకి వెళ్లి చూపిస్తాను. ఉదయం ఆరింటికల్లా నేను తోటలోనే ఉంటాను, అప్పుడు మీకు సాయంత్రమే.